చుక్క

మూతబడిన నూనెమిల్లు గోడ, ఎమ్మిగనూరు రోడ్డు, ఆదోని.
నలభై అడుగుల పొడవు.
రెండు పూతలు సున్నం కొట్టి, నీలం పూసి
దాని మీద తెల్లగా, మనిషెత్తున రాసినా:
అన్‌లిమిటెడ్.
'అ' ఒక్కదానికే అర్ధపూట పట్టింది.

కంపెనీ మనిషి కర్నూలు నుంచి బండి మీద వచ్చి
ఫోన్లో బొమ్మ పక్కన పెట్టి చూసి
"చివర్లో చుక్క మరిచిపోయినావు" అన్నాడు.
ముగ్గు చుక్క గాదు, ఆకాశం చుక్క.
పై మూలన, ఈగ వాలినట్టు.

ఆ చుక్కకు జంట గోడ అడుగున ఉంది,
మురుగుకాలవ పక్క, గడ్డి కప్పేసే చోట.
మోకాళ్ల మీద కూర్చుని
నాలుగు వెంట్రుకల కుంచెతో రాసినా:
రోజుకు ఇంత. దాటితే వేగం ఇంత.
ముందస్తుగా చెప్పకుండా మార్చబడును.
అడుగుల లెక్కలో వాటికి కూలి లేదు.
"చిన్నవే కదన్నా" అన్నాడు.

రాసేటప్పుడు నేను చదవను.
వంపు చూస్తా, అర్థం చూడను.
ముప్పై ఏండ్లుగా సిమెంటు, బీడీలు,
గెలిచినోళ్లు, ఓడినోళ్లు,
అందరినీ అట్లనే రాసినా.

మా తమ్ముడు మద్దిలేటి
బేతంచెర్లలో నాపరాళ్లు కోస్తాడు.
ఆ మిషను మోతకి అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు,
వాడు పెట్టుకోడు. పుట్టు చెవుడు.
పెండ్లాం ఉరుకుందమ్మా అంతే.
నెలలు నిండి మా యింట్లో ఉంది.

రాత్రి తొమ్మిదికి ఫోను చెంబుకు ఆనించి
ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటారు.
మా వీధిలో అంతగా పోట్లాడే మొగుడూ పెండ్లాలు లేరు.
గాజుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

నా గోడ చూసి, అన్న రాసినాడు కదా అని
రెండు దినాల కూలి పెట్టి
మూడు నెలలకి వేయించినాడు ఆ ప్యాకే, ఇద్దరి ఫోన్లకూ.

డాక్టరమ్మ తేదీ చెప్పిన రోజు
మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు.
రాత్రి తొమ్మిదీ ఇరవైకి
వాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది.
వేళ్లు విచ్చి, బొటనవేలు వంగి,
సగం మాట.
తర్వాత మొగం పెచ్చులూడింది,
వానకు తడిసిన గోడ మాదిరి, చదరాలు చదరాలుగా.
ఆ ఆగిన వేళ్లను నాకు చూపించి
ఉరుకుందమ్మ కనుబొమ్మలెగరేసింది.
అది 'వస్తా'నో, 'రాలేను'నో
నాకేం తెలుసు?

కంపెనీ నంబరుకు చేసినా.
"మాట్లాడుకోవడం పూర్తిగా ఫ్రీ సార్, ఎన్ని గంటలైనా."
వాళ్లకు మాటలు రావమ్మా.
"వీడియో ఆగదు సార్, వేగం తగ్గుతుందంతే."
ఆగింది కదమ్మా, చెయ్యి కనపడుతోంది నాకు.
"తగ్గింది సార్."

మా వీధికి నాలుగు దినాలకోసారి నీళ్లు.
వాల్వు తిప్పే హుసేనప్ప "అర్ధగంట" అంటాడు,
అర్ధగంటే వస్తాయి.
ఆ అర్ధగంటకు బిందెలు సర్దుకోవడం మాకొచ్చు.
ఏనాడూ వాడు ట్యాంకు మీదెక్కి
తుంగభద్ర అంతా మీదే అనలేదు.

తెల్లారక ముందే మిగిలిన తెల్లరంగు తీసుకుపోయి
ఆ ఈగంత చుక్కను చాటంత చేసినా.
ఐదు కొమ్ములు, నిచ్చెన మీద నిలబడి.
టీ అంగడి గిడ్డయ్య "పండగేమన్నా ఉందా?" అన్నాడు.
గోడ పాడు చేసినావని కంపెనీ మనిషి
మున్నూరు పట్టుకున్నాడు.

ఇప్పుడు వాళ్లిద్దరూ గబగబా మాట్లాడుకుంటారు.
ముందు కడుపులో బిడ్డ సంగతి,
తర్వాత డబ్బులు.
చేతులు పొదుపుగా కదుల్తాయి.
పోట్లాడుకోవడం మానేసినారు.